గడువు ఇరుపక్షములది

2025 సెప్టెంబరు 15వ తేదీ రాత్రి మన పట్టణములయందు ఆడిటర్ల కార్యాలయములలో దీపములు ఆఱలేదు. ఆదాయపుపన్ను లెక్కలు దాఖలు చేయుటకు నాటితో గడువు తీఱనుండెను. వాడుక ప్రకారము జూలై 31వ తేదీతో ముగియవలసిన గడువును ప్రభుత్వము మే 27వ తేదీననే నెలన్నర దినములు పొడిగించియుండెను. అట్లు పొడిగించినను కడపటి రాత్రి సమ్మర్దము తగ్గలేదు. పొద్దుపోయిన పిమ్మట మఱియొక ప్రకటన వెలువడినది. ఇంకొక్క దినము, అనగా 16వ తేదీవఱకు, అనుమతి యిచ్చితిమని దాని సారాంశము.

ఆ ప్రకటన విని కొందఱు ఊపిరి పీల్చుకొనిరి. కొందఱు నవ్వుకొనిరి. నెలదినములకు ముందే కాగితములన్నియు కూర్చుకొని, శ్రద్ధతో లెక్క పంపి నిశ్చింతగా నున్నవారు మాత్రము, “మేమే తెలివితక్కువ వారమైతిమా?” యని తలపోసిరి. నియమమును పాటించినవాడు తన్నుదాను వెఱ్ఱివానిగా భావించుకొను దినము దేశమునకు మేలైన దినము కాదు. ఈ విషయమును గుఱించి మేము నేడు వ్రాయుటకు అదియే కారణము.

ఆదాయపుపన్ను లెక్క యెప్పుడు పంపవలెననునది చూచుటకు చిన్న ప్రశ్న. ఆడిటరు గుమాస్తా చెప్పదగిన మాటకు సంపాదకీయమెందులకని పాఠకులలో కొందఱు అడుగవచ్చును. కాని ఈ చిన్న ప్రశ్నలో పౌరునకును ప్రభుత్వమునకును గల సంబంధమంతయు ఇమిడియున్నది. మా అభిప్రాయమును ముందుగనే చెప్పెదము. జీతగాండ్రు, పింఛనుదారులు, అద్దెలమీదను వడ్డీలమీదను జీవించువారు తమ లెక్కలను జూన్ మూడవ వారమునకును జూలై మధ్యభాగమునకును నడుమ పంపివేయవలెను. కడపటి రాత్రికై వేచియుండరాదు. ప్రభుత్వము ఫారములను, వానికి వలయు సాధనసామగ్రిని సకాలమున సిద్ధపఱచి, తాను పెట్టిన తేదీని తాను నిలుపుకొనవలెను. గడువనునది ఒకరు శాసించి మఱియొకరు తలయొగ్గు ఆజ్ఞ కాదు. అది ఇచ్చి పుచ్చుకొనిన మాట. ఒకవైపు సడలినచో రెండవవైపు నిలువనేరదు.

ఈ పన్ను మన దేశమునకు వచ్చిన చరిత్రను ఒక్కమాఱు స్మరించుట అప్రస్తుతము కాదు. 1857 తిరుగుబాటు నణచుటకైన వ్యయముచేత ఖజానా వట్టిపోగా, జేమ్సు విల్సను అను ఆర్థికసభ్యుడు 1860లో దీనిని ఐదేండ్ల కొఱకని ప్రవేశపెట్టెను. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు మదరాసు రాజధానిలో నుండెను. ఆ రాజధానికి గవర్నరుగా నుండిన సర్ చార్లెసు ట్రెవీలియను ఈ పన్నును బాహాటముగా ప్రతిఘటించెను. తన అభ్యంతరములను పత్రికలకెక్కించెను. అందులకు ఫలముగా ఆయన పదవినుండి తొలగింపబడి ఇంగ్లండునకు పిలిపింపబడెను. విల్సను ఆ యేడే ఆగస్టులో కలకత్తా నగరమున మరణించెను. పన్ను 1865లో తొలగిపోయెను. కాని వేఱువేఱు రూపములతో మరల మరల తలయెత్తి, తుదకు 1886 చట్టముతో స్థిరపడెను. వ్యవసాయాదాయమునకు ఈ పన్నునుండి మినహాయింపు కలిగినది ఆ 1886 చట్టముతోనే. 1860 నాటి పన్ను భూమి వలని ఆదాయమును విడిచిపెట్టియుండలేదు.

పిమ్మట 1922 చట్టము వచ్చెను. అది 1939లో సవరింపబడిన తరువాత ఒక నియమమేర్పడెను. ఆదాయపుపన్ను అధికారి ప్రతి సంవత్సరమును మే 1వ తేదీలోగా పత్రికలలో ప్రకటన గావింపవలెను. లెక్క పంపుటకు ప్రజలకు అఱువది దినములకు తక్కువకాని వ్యవధి నీయవలెను. పాఠకులు ఈ నియమమును కొంచెము నిదానించి చూడగోరెదము. పరాయి దొరతనము సైతము ముందుగా తన అధికారికి ఒక తేదీని విధించి, ఆ తరువాతనే ప్రజకు తేదీని విధించినది. గడువు ఇరుపక్షములదని మేము చెప్పు మాట మేము కల్పించినది కాదు. చట్టమే యొకనాడు అట్లు పలికినది.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1961లో మన పార్లమెంటు చేసిన చట్టము 1962 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. దాని స్థానమున 2026 ఏప్రిలు 1వ తేదీనుండి అమలగునట్లు 2025లో క్రొత్త చట్టము చేయబడినది. “గత సంవత్సరము”, “అసెస్మెంటు సంవత్సరము” అని ప్రజలను తికమకపెట్టిన జంట పదములు తొలగి, “పన్ను సంవత్సరము” అను ఒక్క మాట క్రొత్త చట్టమున నిలిచినది. మాట సులభమైనందుకు సంతోషమే. తేదీలు కూడ అంత సులభముగా నడచిననాడు సంతోషము పరిపూర్ణమగును.

తేదీకి కట్టుబడుట మన గ్రామములకు క్రొత్త విద్య కాదు. మదరాసు రాజధానిలోని మన జిల్లాలలో ఫసలీ సంవత్సరము జూలై 1వ తేదీతో మొదలై జూన్ 30తో ముగిసెడిది. పంట యింటికి వచ్చిన పిమ్మట కిస్తీలు, కిస్తీలు ముగిసిన పిమ్మట జమాబందీ, జమాబందీనాటికి కరణము లెక్కలు సిద్ధము. ఆ పద్ధతిలో అన్యాయములు లేవని మేమనము. కాని శిస్తునకు ఋతువుండెను. ధాన్యము గాదెలో పడిన దినముల యందే సర్కారు గుమ్మమున నిలిచెడిది. ఆదాయపుపన్నునకు అట్టి ఋతువు లేదు. 1867 మొదలు ఈ దేశమున ప్రభుత్వపు లెక్క ఏప్రిలు 1వ తేదీతో ఆరంభమై మార్చి 31తో ముగియుచున్నది. అది ఇంగ్లండు వాడుక ననుసరించి వచ్చిన సంవత్సరము. దానిని మార్చి జనవరినుండి డిసెంబరు వఱకు సంవత్సరము పెట్టుట మేలని ఎల్.కె. ఝా అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1985లో సూచించెను. ప్రభుత్వము అంగీకరింపలేదు. 2016లో శంకర్ ఆచార్య అధ్యక్షతన మఱియొక సంఘము ఈ ప్రశ్నను పరిశీలించెను. మార్పు మాత్రము రాలేదు. కావున ఉన్న సంవత్సరమునే గ్రహించి, దానిలో మనకు తగిన ఋతువేదియో మనమే వెదకుకొనవలసియున్నది.

మార్చి 31తో సంవత్సరము ముగియును. మఱునాడే లెక్క పంపుదమని త్వరపడువాడు ఒకవిధముగా పొరబడినవాడే. జనవరి మొదలు మార్చి వఱకు గల మూడునెలలలో జీతములనుండియు వడ్డీలనుండియు పట్టుకొనిన పన్ను వివరములను యజమానులును బ్యాంకులును ప్రభుత్వమునకు సమర్పించుటకు మే 31 వఱకు వ్యవధి కలదు. ఆ వివరములు చేరినగాని మన పేరట జమయైన పన్ను పూర్తిగా కానరాదు. ఉద్యోగికి యజమాని యీయవలసిన ఫారము 16 జూన్ 15లోగా అందవలెను. 2021 నవంబరునుండి ఆదాయపుపన్నుశాఖ వార్షిక సమాచార పత్రమను నొక జాబితాను ఆన్‌లైనున చూపుచున్నది. మన బ్యాంకు వడ్డీలు, వాటాల క్రయవిక్రయములు, కొన్న భూములు, అమ్మిన భూములు అందు గోచరించును. జూన్ మధ్యమునకు ముందు అదియును అసంపూర్ణముగనే యుండును. అప్పుడు పంపిన లెక్కను పిమ్మట దిద్దవలసిన పని పడును.

జూన్ మూడవ వారమునాటికి కాగితములన్నియు చేతికి వచ్చును. అప్పుడు చేయదగిన పనియేమి? ఫారము 16ను ఒక ప్రక్కను, శాఖవారి జాబితాను మఱియొక ప్రక్కను, మన బ్యాంకు పుస్తకములను నడుమను పెట్టుకొని మూడింటిని సరిచూచుకొనవలెను. నూటికి తొంబది లెక్కలు సరిపోవచ్చును. సరిపోని పదింటిలో మన లెక్కయు నుండవచ్చును. బ్యాంకు మన పాన్ సంఖ్యను తప్పుగా వ్రాసియుండవచ్చును. కౌలుదారుడో, అద్దెదారుడో, భూమిని కొన్నవాడో పట్టుకొనిన పన్నును ప్రభుత్వమునకు జమకట్టక యుండవచ్చును. ఒకరి వడ్డీ వేఱొకరి పేరట చేరియుండవచ్చును. అట్టి తప్పును దిద్దించుటకు తిరుగవలసినవాడు వారముల తరబడి తిరుగవలసి వచ్చును. జూన్ చివర కనుగొనిన తప్పు జూలైలో దిద్దబడును. జూలై 31 రాత్రి కనుగొనిన తప్పు దిద్దుబాటు లేకయే ప్రభుత్వమునకు పోవును. మేము ఈ యైదు వారములనే ఋతువనుచున్నాము. విత్తునకు అదను ఉన్నట్లే లెక్కకును అదను కలదు.

లెక్క పంపినంతమాత్రమున పని ముగిసినదని తలంపరాదు. ముప్పది దినములలోగా దానిని ధ్రువపఱచవలెను. ఆధారు ద్వారా చేసినచో అది నిమిషముల పని. ముప్పది దినములు దాటినచో ధ్రువపఱచిన దినమే లెక్క పంపిన దినముగా ఎంచబడును. జూలై 30న పంపి, మఱచి, అక్టోబరులో ధ్రువపఱచినవాడు ఆలస్యముగా పంపినవాడే యగును. శ్రద్ధగా పంపియు ఈ యొక్క మఱపుచేత అపరాధరుసుము చెల్లించినవారు కలరు.

ఆలస్యమునకు వెల యెంత? ఆదాయము ఐదు లక్షల రూపాయలు దాటినవానికి అపరాధరుసుము 5,000 రూపాయలు. దాటనివానికి 1,000 రూపాయలు. ఇంకను చెల్లింపవలసిన పన్నుండినచో, దానిమీద నెలకు నూటికొక రూపాయి వడ్డీ. నెలలో ఒక్క దినము గడచినను నిండు నెలగనే లెక్కింతురు. ఒక వర్తకుని కుమారుడు, ఉద్యోగి, ఇంకను 60,000 రూపాయల పన్ను బాకీయుండి జూలై 31కి బదులు నవంబరు 5న లెక్క పంపెననుకొందము. నాలుగు నెలల వడ్డీ 2,400 రూపాయలు, రుసుము 5,000 రూపాయలు, వెరసి 7,400 రూపాయలు. ముందస్తుపన్ను చెల్లింపనందుకు పడు వడ్డీ దీనికి వేఱు. ఇది ఏ దొంగతనమునకు శిక్ష? సోమరితనమునకు మాత్రమే.

రూపాయలలో కానరాని నష్టములు దీనికంటె పెద్దవి. వ్యాపారమునగాని వాటాలయందుగాని నష్టము వచ్చినవాడు ఆ నష్టమును రాబోవు సంవత్సరముల లాభముతో సరిపుచ్చుకొను హక్కు గడువులోగా లెక్క పంపిననే నిలుచును. ఇంటి ఆదాయమునందలి నష్టమునకు మాత్రము ఈ కట్టుబాటు లేదు. పాత పన్ను పద్ధతిని ఎన్నుకొని భీమా, భవిష్యనిధి, గృహఋణపు మినహాయింపులను పొందగోరు ఉద్యోగి గడువు తీఱకముందే ఆ యెన్నిక చేసికొనవలెను. గడువు దాటినచో క్రొత్త పద్ధతియే దిక్కు. ప్రభుత్వమునుండి తిరిగి రావలసిన సొమ్ముమీద నెలకు అర్ధరూపాయి చొప్పున వచ్చు వడ్డీ, సకాలమున పంపినవానికి ఏప్రిలు 1 నుండి లెక్కింపబడును. ఆలస్యముగా పంపినవానికి పంపిన దినమునుండి మాత్రమే.

గడువు దాటినవారికి డిసెంబరు 31 వఱకు రుసుముతో ద్వారము తెఱచియుండును. అదియును మూసికొనినచో 2022లో ఏర్పడిన మఱియొక మార్గము కలదు. విడిచిపెట్టిన ఆదాయమును తానై ఒప్పుకొని సవరించిన లెక్క పంపుట అది. దానికి మొదట ఇరువదినాలుగు నెలల వ్యవధి యుండెను. 2025లో దానిని నలువదియెనిమిది నెలలకు పెంచిరి. ఆలస్యము పెరిగినకొలది పన్నుమీదను వడ్డీమీదను నూటికి 25, 50, 60, 70 చొప్పున అదనపు పన్ను పడును. ఆ మార్గమున వెళ్లి ప్రభుత్వమునుండి సొమ్ము తిరిగి కోరుటకు వీలులేదు. తప్పు చేసినవానికి ఆ ద్వారముంచుట న్యాయమే. కాని దానిని నమ్ముకొని మొదటి గడువును నిర్లక్ష్యము చేయువాడు నూతికి నీళ్లు తెచ్చి పోయువానివంటివాడు.

మా చందాదారులలో భూస్వాములు పెక్కుమంది కలరు. “మాది వ్యవసాయము. మాకు ఆదాయపుపన్నుతో పనియేమి?” యను మాట వారి నోట మేము తఱచు వినుచున్నాము. ఇది సగము నిజము. సగము నిజమే యెక్కువ హాని చేయునది. వ్యవసాయాదాయముమీద పన్ను విధించు అధికారము మన రాజ్యాంగము ప్రకారము రాష్ట్రములది. కేంద్రపు ఆదాయపుపన్ను దానిని తాకదు. కాని పొలముతోబాటు పట్టణములో అద్దెయిల్లో, బ్యాంకులో వడ్డీయో, కుమారుని పేరట దుకాణమో యున్నవాని సంగతి వేఱు. వ్యవసాయాదాయము 5,000 రూపాయలకు మించి, ఇతరాదాయము పన్ను పడని మేరను దాటినచో, ఇతరాదాయముమీది పన్ను శాతమును నిర్ణయించుటకు వ్యవసాయాదాయమును కూడ కలిపి చూతురు. 1972లో కె.ఎన్. రాజ్ అధ్యక్షతన గల సంఘము చేసిన సిఫారసుమీద 1973లో ఈ పద్ధతి వచ్చినది. అట్టివారు జీతగాండ్రు వాడు చిన్న ఫారమును వాడరాదు. కోళ్ల పెంపకము, పాలవ్యాపారము, చేపల రొయ్యల పెంపకము గ్రామములలో జరుగునవియే యైనను అవి వ్యవసాయాదాయము క్రిందికి రావు. చెఱువుగట్టున నిలిచి, ఇదియు సేద్యమే యని చెప్పినంతమాత్రమున అధికారి ఒప్పుకొనడు.

భూమిని అమ్మినవారి విషయము ఇంకను ముఖ్యము. పల్లెలోని వ్యవసాయభూమి అమ్మకమువలన వచ్చిన లాభముమీద పన్ను లేదు. కాని పదివేల జనసంఖ్యకు తక్కువకాని పురపాలకపు హద్దులలోనున్న భూమి ఆ మినహాయింపునకు రాదు. జనసంఖ్య పదివేలు దాటి లక్షవఱకు గల పట్టణమునకు 2 కిలోమీటర్ల లోపలను, లక్ష మొదలు పదిలక్షలవఱకు గల పట్టణమునకు 6 కిలోమీటర్ల లోపలను, అంతకు మించిన నగరమునకు 8 కిలోమీటర్ల లోపలను ఉన్న భూమియు రాదు. ఈ దూరము రోడ్డుమీద కొలుచునది కాదు. పక్షి యెగిరినట్లు తిన్నగా కొలుచునది. మన పట్టణములు పొలములలోనికి ప్రాకుచున్న ఈ దినములలో, నిన్న పల్లెభూమియైనది నేడు కాకపోవచ్చును. అట్టి భూమిని అమ్మి, ఆ సొమ్ముతో వేఱొక భూమినో ఇంటినో కొని పన్నునుండి మినహాయింపు పొందగోరువారు, ఇంకను ఖర్చుచేయని సొమ్మును లెక్క పంపుటకు గల మొదటి గడువులోగా బ్యాంకులో అందుకై ప్రత్యేకించిన ఖాతాలో జమకట్టవలెను. ఈ యొక్క తేదీని తెలియక లక్షలు పోగొట్టుకొను ప్రమాదము కలదు. తాతలనాటి భూమిని అమ్మినవాడు ఆ సంవత్సరమైనను ఆడిటరు నొద్దకు సకాలమున వెళ్లవలెను.

పట్టణవాసుల భ్రమ మఱియొకటి. 2025-26 సంవత్సరపు ఆదాయము మొదలు క్రొత్త పద్ధతిలో పండ్రెండు లక్షలవఱకు పన్ను పడదను మాట విని, లెక్క పంపవలసిన పనియు లేదని కొందఱు తలంచుచున్నారు. పన్ను లేకుండుట వేఱు, లెక్క పంపకుండుట వేఱు. ఆ మినహాయింపు పన్నును లెక్కకట్టి, పిమ్మట తగ్గించి చూపునది. వాటాలమీది లాభములవంటి ప్రత్యేకపు ఆదాయములకు అది వర్తింపదు. క్రొత్త పద్ధతిలో నాలుగు లక్షల ఆదాయము దాటిన ప్రతివాడును లెక్క పంపవలసినవాడే. ఆదాయము తక్కువైనను, సంవత్సరములో విద్యుచ్ఛక్తికి లక్ష రూపాయలకు మించియో, విదేశయానమునకు రెండు లక్షలకు మించియో వ్యయపఱచినవాడు పంపవలెను. పేరట పట్టుకొనబడిన పన్ను 25,000 రూపాయలు, వృద్ధులకైనచో 50,000 రూపాయలు, అంతకు మించియో ఉన్నవాడును పంపవలెను. కుమార్తెనో కుమారునో చూచుటకు అమెరికాకు వెళ్లివచ్చు తల్లిదండ్రులు మన జిల్లాలలో ఎందఱో కలరు. టిక్కెట్టు వెల తామే భరించినచో ఈ నియమము తమకు తగులునేమో యని వారు చూచుకొనుట మంచిది.

ఇంతవఱకు పౌరుని కర్తవ్యమును చెప్పితిమి. ఇప్పుడు ప్రభుత్వపు కర్తవ్యమును చెప్పవలసియున్నది. దీనిని చెప్పకుండ మొదటిదానిని మాత్రము చెప్పుట న్యాయము కాదు. 2024లో పంపవలసిన లెక్కలకు ముఖ్యమైన ఫారములు 2023 డిసెంబరులోనే ప్రకటింపబడెను. ఆ యేడు గడువు పొడిగింపబడలేదు. 2024 జూలై 31 నాటికి 7 కోట్ల 28 లక్షలకు మించి లెక్కలు చేరెను. 2025లో అవే ఫారములు ఏప్రిలు చివరగాని వెలువడలేదు. ఫారములలో మార్పులు విస్తారముగా నున్నవనియు, సామగ్రి సిద్ధపఱచుటకు వ్యవధి కావలెననియు చెప్పి మే నెలలోనే గడువు పెంచిరి. నెలన్నర అదనముగా నిచ్చినను, సెప్టెంబరు 15 నాటికి చేరిన లెక్కలు 7 కోట్ల 30 లక్షలకు మించినవని ప్రకటించిరి. పాఠకులు ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి చూతురుగాక. ఫారములు ముందుగా వచ్చిన యేట గడువు నిలిచినది, ప్రజలును నిలిచిరి. ఫారములు ఆలసించిన యేట గడువు జరిగినది, కాని దానివలన లెక్కలు పంపువారి సంఖ్య విశేషముగా పెరుగలేదు. ఆలస్యము ఎక్కడ పుట్టినదో దీనినుండి గ్రహింపవచ్చును.

ప్రజలు నిర్దోషులని మేమనము. 2024 జూలై 31న ఒక్క దినముననే 69 లక్షల 92 వేలకు మించి లెక్కలు దాఖలయ్యెను. అనగా మొత్తములో ఇంచుమించు పదవవంతు తుదిదినమున వచ్చిపడినది. ఏ యంత్రమైనను అంత బరువు నొక్కమాఱు మోయుటకు తడబడుట సహజము. గోదావరి పుష్కరమున ఒక్క రేవునకే జనమెల్ల చేరిన, తప్పు రేవుది మాత్రమే కాదు.

పొడిగింపు దయాకార్యమని కొందఱు వాదింతురు. 2020లోను 2021లోను మహమ్మారి దేశమును చుట్టుముట్టినపుడు ప్రభుత్వము గడువులను నెలల తరబడి పొడిగించెను. అది దయ, అది న్యాయము. ఆపద వచ్చినపుడు ముందుగా చెప్పి వ్యవధి నిచ్చుట ప్రభుత్వధర్మము. కాని ఆపద లేనినాడు తుదిరాత్రివఱకు మౌనముగానుండి, పిమ్మట ఒక్క దినము దయసేయుట ధర్మము కాదు. దానివలన మూడు కీడులు కలుగును. సకాలమున పంపినవాడు చిన్నబోవును. వచ్చు సంవత్సరమును ఇట్లే పొడిగింతురని సోమరి ధైర్యపడును. “పొడిగింపు వచ్చునా, రాదా?” యని ఎదురుచూచుచు, ఆడిటర్లు, గుమాస్తాలు, వారినాశ్రయించిన చిన్నవర్తకులు నెలదినములు నిద్రమాని వేసారుదురు. ఇచ్చినదానికంటె చెడగొట్టినదే యెక్కువ.

కావున మేము ప్రభుత్వమును కోరునవి మూడు. ఫారములన్నియు, వానిని నింపు సామగ్రియు ఏప్రిలు 1వ తేదీనాటికి ప్రజల ముందుండవలెను. అవి ఆలసించినచో, ఆలసించినన్ని దినములు గడువు తనంతదానే పెరుగునట్లు చట్టమునందే నియమముండవలెను. అప్పుడు తుదిరాత్రి ప్రకటనలకు చోటుండదు. ఫారములలోని ప్రశ్నలును, వాని వివరణలును తెలుగువారికి చదివినంతనే అర్థమగు తెలుగున ఉండవలెను. తన మాతృభాషలో చదువుకొనలేని కాగితముమీద సత్యమని సంతకము చేయించుట ఎంతవఱకు సమంజసమో పెద్దలు యోచింతురుగాక.

మన తెలుగుదేశమునకు పన్నుల విషయమున ఒక ప్రత్యేకచరిత్ర కలదు. 1921లో చీరాల-పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున, తమ అంగీకారము లేక విధింపబడిన పురపాలకపు పన్నులను నిరాకరించి, ఇండ్లు విడిచి రామనగరమున పాకలు వేసికొనిరి. ఆ వెనుకనే గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున రైతులు శిస్తు కట్టమని నిలిచిరి. వారు పన్నును దాచలేదు, దాటవేయలేదు, రేపురేపని వాయిదా వేయలేదు. పట్టపగలు, అందఱి యెదుట, కారణము చెప్పి కాదనిరి. జప్తులు, నిర్బంధములు భరించిరి. కాదనుటలో కూడ వారు మాటకు కట్టుబడిరి. నేడు పన్ను విధించునది మనము పంపిన ప్రతినిధులు. ఆ పన్ను ఎక్కువైనచో ఓటున్నది, పత్రికయున్నది, సభయున్నది. కాదనుటకు ఇన్ని మార్గములుండగా, కాదనకయే ఆలసించుట స్వతంత్రుడు చేయవలసిన పని కాదు. అది భయపడిన బానిస పని.

పెద్దలు దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొమ్మనిరి. ఈ జూన్ మాసమున మన పాఠకులు ఒక ఆదివారము సాయంకాలము కాగితములను ముందు వేసికొని కూర్చుందురుగాక. ఇంటిలో వృద్ధులుండినచో వారి పింఛను కాగితములను కూడ ఆ పూటనే చూతురుగాక. జూలై మధ్యమునకు లెక్క పంపి, ధ్రువపఱచి, రసీదు భద్రపఱచుకొందురుగాక. అట్లు చేసిన పౌరుడు ప్రభుత్వము వంక తలయెత్తి చూచి, “నా మాట నేను నిలుపుకొంటిని, నీ మాట యేది?” యని అడుగ హక్కుగలవాడగును. తుదిరాత్రి దీపము ముందు కూర్చున్నవానికి ఆ హక్కు లేదు.